ఇత్తడి రేకు చెప్పే ఊరూ పేరూ

పాత పికప్ బండికి కంపెనీ బిగించిన అసలు కార్బ్యురేటర్ ఏదో తేల్చుకోవడం ఎలా? డెల్టా పల్లెల్లో అది ఎందుకు మారిపోయింది? ఇప్పుడు దాని అవసరం ఎందుకు వచ్చింది?

కృష్ణా కరకట్ట దిగి అరటి, పసుపు, కంద తోటల నడుమ సాగే కొల్లూరు లంక దారుల్లో, రేకుల చావిడి కింద ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయిన పాత పికప్ బానెట్ ఎత్తితే ముందుగా కనిపించేది ఎండి పగిలిన ఒండ్రు పొర, ఆ తరువాత ఎలుకలు కొరికిన వైర్లు, వాటి వెనుక ఎయిర్ క్లీనర్ గొట్టం ఊడి నోరు తెరుచుకున్న బూడిద రంగు లోహపు ముద్ద. ఎప్పుడో ఎండిపోయిన పెట్రోలు దాని అంచుల మీద తుమ్మజిగురులా గట్టిపడి ఉంటుంది. కంపెనీ పుస్తకాల్లో కార్బ్యురేటర్ అనీ, మెకానిక్కుల నోట ‘కార్బేటర్’ అనీ పిలిచే ఆ ముద్ద పై మూతకు బిగించిన స్క్రూల్లో ఒకదాని కింద, బొటనవేలి గోరంత ఇత్తడి రేకు, దాని మీద మూడు అంకెలు, ఒక అక్షరం ఇంకా మిగిలి ఉంటే ఆ బండి యజమాని అదృష్టవంతుడు. చాలా బండ్లలో ఆ రేకు ఉండదు. కొన్నింటిలో రేకు ఉంటుంది గాని అది ఉన్న కార్బ్యురేటరే ఆ బండిది కాదు.

తుక్కు వాసన వేసే ఈ విషయం మీద ఇప్పుడు మళ్లీ మాట సాగడానికి రెండు కారణాలు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చి, 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇచ్చే పద్ధతి పెట్టడంతో, ఇనుప కొట్టుకు పోవలసిన బండ్ల మీద వారసుల చూపు పడింది. రెండవది, పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే ఈ20 ఇంధనం 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి రావడంతో, పాత ఇంజన్లకు అది పడుతుందా అన్న అనుమానం జీపులు, అంబాసిడర్లు దాచుకున్న ప్రతి ఇంటికీ చేరింది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ బానెట్ ఎత్తినవారి చేయి చివరకు ఆగేది ఆ ముద్ద దగ్గరే.

పికప్ బండికి పికప్ ఇచ్చేది

తెలుగువారి వాడుకలో పికప్ అంటే సరుకు వేసుకుపోయే చిన్న బండి. యాక్సిలరేటర్ తొక్కగానే బండి అందుకునే వేగానికీ అదే మాట. పికప్ బండికి పికప్ లేదంటే తప్పు చాలాసార్లు కార్బ్యురేటర్‌లోనే దొరుకుతుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఇంజను గాలి పీల్చుకుంటుంది. ఆ గాలి కార్బ్యురేటర్ గొంతులో సన్నబడిన చోట వేగం పుంజుకుని అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ఆ లోటే పక్క గిన్నెలోని పెట్రోలును సన్నని రంధ్రం గుండా లాగి తుంపరగా చేసి గాలిలో కలుపుతుంది. ఆ రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి మరను జెట్టు అంటారు. గిన్నెలో పెట్రోలు మట్టం పెరగకుండా, తగ్గకుండా కాపాడే డొల్ల బుడ్డిని ఫ్లోటు అంటారు. చలిలో స్టార్టు కావడానికి గాలిని అడ్డుకునే రేకు చోక్. కాలు తొక్కగానే ఒక చుక్క ఎక్కువ పెట్రోలు చిమ్మేది యాక్సిలరేటర్ పంపు.

ఈ భాగాలు దాదాపు అన్ని కార్బ్యురేటర్లలోనూ ఉన్నా, గొంతు వెడల్పు, జెట్టు కన్నం కొలత, పంపు చిమ్మే పరిమాణం మాత్రం ఒక్కొక్క ఇంజను ఆకలికి తగ్గట్టు కంపెనీ లెక్క కట్టి పెట్టినవి. సోలెక్స్ జెట్టు మీద 120 అని ఉంటే దాని కన్నం 1.20 మిల్లీమీటర్లు అని అర్థం. అదే బండికి 130 వేస్తే కంటికి తేడా తెలియదు గాని ప్లగ్గులకు మసి పడుతుంది, మైలేజీ పడిపోతుంది. అందుకే ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చి, పైకి కవల పిల్లల్లా కనిపించే రెండు కార్బ్యురేటర్లలో ఒకటి జీపుదీ, మరొకటి ఇంకే ట్రక్కుదో అయి ఉండవచ్చు.

సమితి జీపు నుంచి అరటి గెలల దాకా

కోస్తా పల్లెలకు మోటారు బండి పరిచయమైంది బస్సు, లారీల తరువాత ఎక్కువగా జీపు రూపంలోనే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారు చేయగా, యుద్ధం ముగిశాక భారతదేశంలో మిగిలిపోయిన సైనిక వాహనాలు వేలాల్లో పౌరుల చేతికి వచ్చాయి. 1949లో బొంబాయిలోని మజగావ్‌లో మహీంద్రా సంస్థ విదేశాల నుంచి వచ్చిన భాగాలతో జీపులు బిగించడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ఆరంభమై బ్లాకు అధికారులకు జీపులు రావడం, ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబరు 1 నుంచి పంచాయతీ సమితులు ఏర్పడడంతో ‘సమితి జీపు’ అన్న మాట పల్లె నోట స్థిరపడింది. ఆ జీపు ఊళ్లోకి వస్తే పిల్లలు దాని వెనుక పరుగెత్తిన తరం ఇంకా ఉంది.

ప్రభుత్వం కాలం చెల్లిన జీపులను వేలం వేసినప్పుడు వాటిని పాడినవారిలో కొందరు వెనుక భాగం కోయించి తొట్టి కట్టించి, తోటల నుంచి అరటి గెలలు, పసుపు బస్తాలు, తమలపాకు మోదులు రోడ్డు మీదికి చేరవేసే పికప్‌లుగా మార్చుకున్నారు. మహీంద్రా స్వయంగా తయారు చేసిన ఎఫ్‌సీ-150 వంటి, డ్రైవరు సీటు ఇంజను మీదికి జరిగిన, మొండి ముక్కు పికప్‌లు కూడా ఉన్నాయి. కనుక డెల్టాలో ‘పాత పికప్’ అనే మాట కింద పుట్టుకతో పికప్ అయినదీ, పెంపకంతో పికప్ అయినదీ రెండూ ఉంటాయి. అసలు కార్బ్యురేటర్ వెతకడంలో ఈ తేడా తెలుసుకోవడం మొదటి మెట్టు, ఎందుకంటే కోసి కట్టిన బండికి వెతకవలసింది పికప్ కార్బ్యురేటర్ కాదు, దాని తల్లి జీపు కార్బ్యురేటర్.

ముందు ఇంజను, తరువాతే కార్బ్యురేటర్

ఆర్‌సీ పుస్తకంలోని సంవత్సరం చూసి కార్బ్యురేటర్ కొనడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. సైన్యం నుంచో, ప్రభుత్వ శాఖ నుంచో వేలంలో వచ్చిన బండికి ఆర్‌సీలో పౌర నమోదు సంవత్సరం ఉండవచ్చు. అది తయారైన సంవత్సరం కంటే ఎంతో తరువాతిది. కాబట్టి వెతుకులాట ఛాసిస్ నంబరుతో మొదలై, ఇంజను బ్లాకు మీది నంబరుకు చేరి, ఆ రెండూ ఒకే కాలానివా కాదా అని చూసుకున్న తరువాతే బానెట్ కింది ముద్ద వైపు మళ్లాలి. ఇంజనే మారి ఉంటే అసలు కార్బ్యురేటర్ అన్న మాటకు రెండు అర్థాలు వస్తాయి: బండితో పుట్టినదా, ఇప్పుడున్న ఇంజనుతో పుట్టినదా అని. ఈ ప్రశ్నకు యజమాని ముందే జవాబు చెప్పుకోకపోతే ఎంత మంచి మెకానిక్కూ తోవ చూపలేడు.

జీపు విషయంలో ఇంజనును గుర్తించడానికి బానెట్ ఎత్తనక్కరలేదు. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీలోనూ, దాని తరువాతి సీజే-2ఏ, సీజే-3ఏ నమూనాల్లోనూ ఉన్నది ఎల్-134 అనే ఇంజను. అందులో వాల్వులన్నీ సిలిండరు పక్కనే బ్లాకులో ఉంటాయి గనుక ఇంజను పొట్టిగా ఉంటుంది, కార్బ్యురేటర్ పక్కనున్న మానిఫోల్డు మీద కూర్చుంటుంది. 1953లో అమెరికాలో వచ్చి, తరువాత మహీంద్రా దశాబ్దాల పాటు తయారు చేసిన సీజే-3బీలో ఎఫ్-134 ఇంజను పెట్టారు. దీనిలో గాలి లోనికి వచ్చే వాల్వులు పైన హెడ్డులోకి చేరడంతో ఇంజను ఎత్తు పెరిగి, కార్బ్యురేటర్ దాని నెత్తికెక్కి, అందుకోసం బానెట్‌నే పైకి లేపవలసి వచ్చింది. తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన ఆ ఎత్తు ముక్కు జీపు ఆకారానికి కారణం ఇదే. సొగసు కోసం కాదు, కార్బ్యురేటర్‌కు చోటు కోసం ఒక బండి ముఖం మారిపోవడం మోటారు చరిత్రలో తరచు జరిగేది కాదు.

ఎల్-134కు కంపెనీ బిగించినది సెయింట్ లూయిస్ నగరంలోని కార్టర్ సంస్థవారి డబ్ల్యూఓ రకం: యుద్ధకాలపు ఎంబీకి 539ఎస్, తరువాతి పౌర జీపులకు 596ఎస్, 636ఎస్ వంటి నంబర్లు. ఎఫ్-134కు అదే సంస్థ వైఎఫ్ రకం వచ్చింది. వాటిలో 938ఎస్, దాని చివర మరో అక్షరం చేరిన సవరణలు ఎక్కువగా కనిపిస్తాయి. డబ్ల్యూఓలో పెట్రోలు కొలిచే సన్నని సూది యాక్సిలరేటర్ కడ్డీతో పాటు లేచి దిగుతుంది. వైఎఫ్‌లో ఆ పనికి తోడు గుడ్డ పొర వంటి డయాఫ్రం ఉంటుంది గనుక పక్కన గుండ్రని డబ్బీ ఒకటి ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఆ డబ్బీ ఉన్న కార్బ్యురేటర్‌ను ఎల్-134 మీద చూస్తే ఎవరో తరువాత మార్చారని అనుమానించవచ్చు. మన దేశంలో విడిభాగాల తయారీ పెరిగిన కొద్దీ మద్రాసులోని కార్బ్యురేటర్స్ లిమిటెడ్ వంటి సంస్థలు తయారు చేసిన సోలెక్స్ రకాలు జీపుల్లోకీ కార్లలోకీ వచ్చాయి. కాబట్టి తరువాతి కాలపు మహీంద్రా మీద సోలెక్స్ కనిపిస్తే దాన్ని దొంగ సరుకుగా తీసిపారేయడం తొందరపాటు. 1944 నాటి ఎంబీ మీద కనిపిస్తే మాత్రం అది నిస్సందేహంగా తరువాత వచ్చి చేరినదే.

రెండు కొల్లూర్లు, రెండు నంబర్లు

కార్బ్యురేటర్ ఒంటి మీద నంబర్లు రెండు రకాలు. పోత పోసేటప్పుడు అచ్చులోనే ఉబ్బెత్తుగా వచ్చేది పోత నంబరు. అది ఆ ముక్కను ఏ అచ్చులో పోశారో చెబుతుంది తప్ప, ఏ బండికి తయారు చేశారో చెప్పదు. ఒకే అచ్చులో పోసిన ఒంటికి వేరే జెట్లు, వేరే కడ్డీలు బిగించి పది రకాల బండ్లకు పంపడం ఫ్యాక్టరీలకు మామూలు. బండిని చెప్పేది రెండో నంబరు: కార్టర్‌లో ఇత్తడి రేకు మీద, హోలీ కంపెనీ వాటిలో గొంతు పై అంచు మీద ‘లిస్ట్’ అన్న మాట పక్కన, రోచెస్టర్‌లో రేకు మీద గుద్ది ఉండేది. పోత నంబరు పట్టుకుని ‘ఇదే అసలుది’ అని బేరం చేసేవారి చేతిలో మోసపోయేవారు ఎక్కువ.

మనం మొదలుపెట్టిన కొల్లూరు పేరే దీనికి మంచి పోలిక. కొల్లూరు అనగానే బయటివారికి కోహినూరు వజ్రం గుర్తుకొచ్చి, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు గనుక ఇదే ఆ కొల్లూరని అనుకుంటారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావర్నియే చూసి రాసిన గనుల కొల్లూరు ఎగువన పల్నాడులో ఉండేది, ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. బాపట్ల జిల్లాలోని ఈ కొల్లూరు పసుపు, అరటి పండే డెల్టా ఊరు. పేరు ఒకటే, నది ఒకటే, ఊరు వేరు. పోత నంబరు కలిసినంత మాత్రాన కార్బ్యురేటర్ కలిసినట్టు కాదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఇక్కడివారికి అక్కరలేదు.

రేకు మీది అక్షరాలు అరిగిపోయి ఉంటే చేయవలసిన పని చిన్నదే అయినా ఓపిక కావాలి. తీగ బ్రష్షుగాని గరుకు కాగితంగాని తగలనీయకుండా, రేకును కిరసనాయిలులో రాత్రంతా నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో తుడిచి, టార్చి వెలుగు పై నుంచి కాకుండా పక్క నుంచి వాలుగా పడేలా పట్టుకుంటే గుద్దిన అంకెల గుంటల్లో నీడ నిలుస్తుంది. అప్పటికీ తేలకపోతే పల్చని కాగితం పరిచి మెత్తని పెన్సిలు అడ్డంగా రుద్దితే, నాణెం మీద కాగితం పెట్టి పిల్లలు బొమ్మ తీసినట్టు, 9, 3, 8 ఒక్కొక్కటే తెల్లగా బయటపడతాయి. రేకును విప్పి మరో ముద్దకు బిగించడం స్క్రూ తిప్పినంత తేలిక గనుక దాని ఒక్కదాన్నే నమ్మక, గొంతు వెడల్పు, అడుగు పట్టీ బోల్టుల దూరం, కడ్డీలు కలిసే కోణం, జెట్టు నంబరు కంపెనీ విడిభాగాల పుస్తకంతో సరిపోల్చాలి. ఒక సాక్షి చాలదు, నలుగురు ఒకే మాట చెప్పాలి.

[ బాక్స్ ] చైతన్య రథం నాటి షెవర్లే

తెలుగువారికి బాగా తెలిసిన పాత మోటారు బండి 1982లో ఎన్.టి. రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్య రథం; 1940ల నాటి షెవర్లే వ్యానును మార్చి తయారు చేసిన దానిని నందమూరి హరికృష్ణ నడిపారు. ఆ కాలపు షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజన్లకు కంపెనీ ఇచ్చినది కార్టర్ డబ్ల్యూ-1 కార్బ్యురేటర్. 1950 నుంచి షెవర్లే తన మాతృసంస్థ జనరల్ మోటార్స్‌కే చెందిన రోచెస్టర్ విభాగం తయారు చేసిన ‘బి’ రకానికి మారింది. డబ్ల్యూ-1లో పెట్రోలు గిన్నె గొంతుకు ఒక పక్కన ఉంటుంది; రోచెస్టర్ బిలో గిన్నె గొంతు చుట్టూ గారెలా ఉండి, రెండు ఫ్లోట్లు ఉంటాయి. కనుక 1950కి ముందటి షెవర్లే ట్రక్కు మీద గారె ఆకారపు గిన్నె కనిపిస్తే అది తరువాత వచ్చినదే.

అసలుది ఎటు పోయింది

అసలు కార్బ్యురేటర్లు మాయం కావడం వెనుక ఉన్నది దొంగతనం కాదు, బతుకు లెక్క. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత పెట్రోలు భారమై, కిరాయి జీపుల్లో చాలా వాటికి డీజిలు ఇంజన్లు ఎక్కాయి. మహీంద్రా కూడా ఇంటర్నేషనల్ ట్రాక్టరు ఇంజనుతోనూ, తరువాత ప్యూజో ఇంజనుతోనూ డీజిలు జీపులు తెచ్చింది. డీజిలు ఇంజనులో పంపూ ఇంజెక్టర్లూ తప్ప కార్బ్యురేటర్ ఉండదు గనుక, విప్పిన పెట్రోలు ఇంజనుతో పాటే ఆ ముద్దా కిలోల లెక్కన పాత ఇనుముకు పోయింది. పెట్రోలు మీదే మిగిలిన బండ్లలో కొన్ని కిరసనాయిలు కల్తీతో నడిచి, లోపలి దారులకు మసి పట్టి, చివరకు దొరికిన కార్బ్యురేటర్‌ను బిగించుకున్నాయి. విజయవాడ జవహర్ ఆటోనగర్ దగ్గరలోనే ఉండడం డెల్టా బండ్లకు వరమూ అయింది, శాపమూ అయింది: బండి ఆగిపోతే సాయంత్రానికి నడిపించే చేతులు అక్కడున్నాయి, అలా నడిపించడానికి ఏ ముద్ద దొరికితే ఆ ముద్దను ఇరికించే నేర్పూ ఆ చేతుల్లోనే ఉంది. బోల్టు కన్నాలు కలవకపోతే మధ్యలో ఇనుప పలక కోసి వేయడం, కడ్డీని వంచి అతికించడం ఆ నేర్పు గుర్తులు. వాటిని చూసి ముక్కు విరిచేవారు, మరుసటి పొద్దుటే మార్కెట్టుకు చేరవలసిన అరటి గెలలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లంకలకు వరద మరో శత్రువు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదై లంక ఊళ్లు మునిగినప్పుడు, పైకి లేపలేని పాత బండ్లు ఉన్న చోటే నీళ్లు తాగాయి. జింకు మిశ్రమంతో పోసిన కార్బ్యురేటర్ ఒంటికి ఒండ్రు నీరు పడితే తెల్లని బూజు వంటి పొర లేచి, అడుగున జెట్లు పూడుకుపోతాయి. నీళ్లు తగ్గాక వెంటనే విప్పి కడిగితే బతుకుతుంది. రెండేళ్లు వదిలేస్తే మరలు పోతలోనే కలిసిపోతాయి.

ఈ20 తెచ్చిన కొత్త చిక్కు

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి; ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. అంటే ఇథనాల్ కలిసిన ఇంధనానికి అదే గాలిలో ఎక్కువ ఇంధనం పడాలి. కొత్త కార్లలో కంప్యూటరు ఆ లెక్క సరిచేసుకుంటుంది. 1950ల కార్బ్యురేటర్‌కు తెలిసినది జెట్టు కన్నం ఒక్కటే, అది పెరగదు. ఫలితంగా మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కడం, ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు దగ్గడం మొదలవుతుంది. దానికి తోడు ఇథనాల్ తేమను లాక్కుంటుంది, పాత రబ్బరునూ డయాఫ్రం గుడ్డనూ మెత్తబరుస్తుంది. అసలు జెట్టు నంబరు తెలిసినవారు దాని మీద ఒకటి రెండు మెట్లు పెద్దది వేసి సరిచూసుకోగలరు. ఏ బండి కార్బ్యురేటరో తెలియని ముద్ద ఉన్నవారికి మొదలుపెట్టడానికి అంకె కూడా లేదు. ఇన్నాళ్లూ అభిరుచి గలవారి ముచ్చటగా ఉన్న అసలు నంబరు ఇప్పుడు ఇంజను ఆయుష్షు సంగతి అయింది.

[ బాక్స్ ] నిబంధన ఏమంటుంది

2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనం అంటే మొదటి నమోదు నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగనిది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. నమోదు పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనం పోయించుకోవడానికి తప్ప రోజువారీగాను, కిరాయికిగాను రోడ్డెక్కకూడదు. నిర్వచనంలో ఉన్నవి ద్విచక్ర వాహనాలూ, ప్రయాణికుల తరగతి నాలుగు చక్రాల బండ్లూ గనుక, సరుకు బండిగా నమోదైన పికప్‌కు ఈ తలుపు తెరుచుకోదు. సమితి జీపును కోసి తొట్టి కట్టించినదైతే బాడీ మార్పు అడ్డు వస్తుంది.

పల్లెల్లో మోటారు చరిత్రను మోసినది సొగసు కార్లు కాదు, ఈ సరుకు బండ్లే. వాటిని నిర్వచనం వెలుపల వదిలేయడం ఈ నిబంధనలోని పెద్ద లోటు, దాన్ని సవరించడం న్యాయం.

చేతులు తగ్గిపోతున్నాయి

2000 సంవత్సరం ప్రాంతంలో కార్లలో ఇంజెక్షను పద్ధతి వ్యాపించగా, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు రావడంతో కొత్త ద్విచక్ర వాహనాల్లోనూ కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది. నేడు పని నేర్చుకునే కుర్రవాడి చేతికి స్కానరు వస్తోంది గాని, ఫ్లోటు చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల పెట్రోలు చప్పుడు వినబడితే కన్నం పడిందని చెప్పే విద్య రావడం లేదు. జెట్లను నంబర్ల వారీగా అగ్గిపెట్టెల్లో దాచుకున్న పెద్ద మెకానిక్కులు షెడ్లు మూస్తుంటే, ఆ పెట్టెలు కూడా తుక్కులోకే పోతున్నాయి.

ఇంట్లో పాత జీపుగాని, పికప్‌గాని, డీజిలు ఇంజను ఎక్కించినప్పుడు విప్పి అటక మీద పడేసిన పాత కార్బ్యురేటర్‌గాని ఉన్నవారు దానిని తుక్కు ధరకు తూకం వేయించే ముందు మూత స్క్రూల కింద ఒకసారి చూడాలి. రేకు ఉంటే కాగితం మీద పెన్సిలుతో రుద్ది, ఆ కాగితాన్ని ఆర్‌సీ పుస్తకంలో పెట్టి ఉంచాలి.